పీర్ల పండుగ నాటి గాలి లెక్క

రోజు 498

ఆఫీసు పుస్తకంలో అంకెలకు మాత్రమే చోటుంది. మాటలు రాస్తే తిప్పేస్వామి సార్ ఎర్ర గీత కొడతాడు. అందుకని ఈ రెండో పుస్తకం మొదలుపెట్టాను. ఇది నా సొంతం, ఇందులో గీతలు కొట్టేవాళ్లెవరూ లేరు.

నా పేరు ఫక్కీరప్ప. గుట్టకింద తవ్విన ఊళ్లో గాలి మీటర్ల గుమాస్తాను. బయట పీల్చే గాలి లేదు, అంతా గొట్టాల్లోనే వస్తుంది. ఆరు సందులు, ఆరు వందల పన్నెండు ఇళ్లు. ఇంటికొక గాలి మర, అంటే గాలి వదిలే కుళాయి, దాని పక్కనే మీటరు. పొద్దున లేచి సందుకొక జల్లెడ విప్పి ఎర్ర దుమ్ము దులపాలి. మధ్యాహ్నం మీటర్లన్నీ కనిపించే బోర్డు ముందు కూర్చుని ఏ ఇల్లు ఎంత గాలి వాడిందో రాసుకోవాలి. జల్లెళ్లు దులిపే పనిలో తుమ్ములు తప్ప కష్టమేమీ లేదు.

పండుగల పని దీనికి తోకలాగా తగులుకుంది. పండుగ రోజు ఇంటికి మనుషులొస్తారు, పొయ్యి వెలుగుతుంది, పిల్లలు ఎగురుతారు, పెద్దవాళ్లు ఎవరి వంట గొప్పదో వాదించుకుంటారు. అన్నిటికీ గాలి కావాలి. మామూలు రోజుకన్నా ఎక్కువ గాలి వాడిన ఇళ్లు నూటికి ఎన్నో లెక్క కడితే, ఆ పండుగంటే జనానికి ఎంత ఇష్టమో తేలిపోతుంది. ఈ లెక్క ఎలా కడతామో సెలవుల సంఘంలోని అయిదుగురికీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ఒకప్పుడు అందరికీ తెలిసేదట. ఒక ఏడు దీపావళి వాళ్లూ, క్రిస్మస్ వాళ్లూ పోటీ పడి రోజంతా ఖాళీ పొయ్యిలు వెలిగించి కూర్చున్నారట. అప్పటినుంచి ఇది రహస్యం. ఉద్యోగంలో చేరిన రోజున నాచేత ప్రమాణం కూడా చేయించారు.

ఇక్కడ ఏడాదంటే ఆరు వందల అరవై ఎనిమిది రోజులు, అందులో ఎనిమిది సెలవులే. సెలవంటే పైకెక్కి ఎండ పలకల మీద దుమ్ము తుడిచేవాడు ఉండడు, అంతకు మించి సెలవులిస్తే బ్యాటరీలు తట్టుకోవు. ఈ ఏడు కొత్తగా 'దిగిన రోజు' కావాలని నాలుగు వందల మంది సంతకాలు పెట్టారు. మన పెద్దలు ఈ నేల మీద మొదటిసారి కాలు పెట్టిన రోజు అది. అది లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి.

కిందటేటి పట్టిక: దీపావళి 91. ఉగాది 88. మొదటి నీళ్ల రోజు 86. రంజాన్ 84. క్రిస్మస్ 79. ఆగస్టు పదిహేను 40. సంఘం స్థాపన దినం 31. పీర్ల పండుగ 4.

నాలుగంటే నాలుగే. నేను ఈ ఊరికొచ్చి ఏడేళ్లు. మొదటి ఏడు దానికి 38 వచ్చింది. తర్వాత 31, 24, 17, 11, 6, ఇప్పుడు 4. ఏడాదికేడాది మెట్లు దిగుతూనే ఉంది.

"ఈ తూరి కూడా ఆఖర్నే ఉంటే తీసేద్దాం ఫక్కీరప్పా," అన్నాడు తిప్పేస్వామి సార్. ఆయన సంఘం అధ్యక్షుడు. "పీర్లు పెట్టే ఆ గోడౌనన్నా కలిసొస్తాది. పంపులు పెట్టుకోను చోటు ల్యాక సస్తాండాం."

పండుగ ఇంకో పదమూడు రోజులే ఉంది. పట్టిక రోజు 515న ఖాయం చేస్తారు.

రోజు 501

మీటరు మాట ఎవరికీ చెప్పకూడదు కాబట్టి, పైకి చూపించుకోవడానికి ఇంటింటికీ తిరిగి నోటిమాటగా కూడా అడుగుతాం. ఆ కాగితాలు చివరికి జల్లెళ్లు తుడవడానికే పనికొస్తాయి. అయినా తిరగాలి.

జనం ఎంత చక్కగా అబద్ధాలాడతారో తెలియాలంటే ఈ ఉద్యోగం చేయాలి. "మీకు అన్నిటికన్నా ముఖ్యమైన పండుగ ఏది?" అని అడిగితే సగం మంది గుండె మీద చెయ్యేసుకుని ఆగస్టు పదిహేను అంటారు. ఆ దేశం ఇక్కడికి ఒక నీలి చుక్క. ఆ రోజు పొద్దున మైకులో పాట వినబడగానే జిలేబీ పొట్లం తీసుకుని ఇంటికెళ్లి పడుకుంటారు. నిద్రలో మనిషి తక్కువ గాలి పీలుస్తాడని వాళ్లకు తెలియకపోయినా నా మీటరుకు తెలుసు. తప్పు పట్టడం లేదు, నేనూ పడుకునేవాణ్ణే, బోర్డు డ్యూటీ లేకపోతే. సంఘం స్థాపన దినాన తిప్పేస్వామి సార్ గంటంబావు ఉపన్యాసం ఇస్తాడు. దానికొచ్చే ముప్ఫయి ఒకటి కూడా ఆ గంటంబావూ ఇళ్లలో జనం విసుక్కోవడం వల్ల వచ్చిందని నా అనుమానం.

పీర్ల పండుగ గురించి అడిగితే ఆరు సందుల్లోనూ ఒకే జవాబు. "మా సందోళ్లం పోతాం. తక్కినోళ్లకేం పట్టిందిలేప్పా." ఒక్కో సందులో విన్నప్పుడల్లా, పాపం ఈ నలుగురేనేమో అనుకున్నాను.

చివరగా గోడౌనుకు పోయాను. దాన్ని పీర్ల చావిడి అంటారు. ఊరికి తూర్పు కొసన ఉన్న పాత సామాన్ల గది. ఊరంతటికీ గాలి తెచ్చే తల్లి గొట్టం నుంచి ఒక పాయ నేరుగా అందులోకి పోతుంది. ఇల్లు కాదు కాబట్టి మీటరు లేదు. చూసుకునేది మాబున్నీ. నలభై ఏళ్లుంటాయి, కందిమళ్ల తోటలో పని. చేతుల నిండా ఆకుపచ్చ మరకలు.

లోపల గోడవార ఆరు పీర్లు గుడ్డల్లో చుట్టి నిలబెట్టి ఉన్నాయి. పండుగకు మూడు రోజుల ముందు తోముతుందట. ఒకదాని గుడ్డ తీసి చూపించింది. అరచెయ్యి ఆకారంలో ఇత్తడి రేకు, కొనలు అరిగిపోయి ఉన్నాయి.

"మా జేజినాయన తెచ్చినాడు ఫక్కీరన్నా. ఓడెక్కేటప్పుడు మనిషికి పదకొండు కిలోలని చెప్తే, ఏడు కిలోలు వీటికే ఇచ్చినాడంట. ఈడ దిగినంక రెండేండ్లు రెండు జతల గుడ్డలతోనే తిరిగినాడు."

"పండక్కి ఎంతమంది వస్తారు?" అని అడిగాను, పెన్ను పట్టుకుని.

"శానా మంది."

"శానా అంటే?"

"ఇంగ శానా అంటే శానానే. లెక్కపెట్టేకి నాకు తీరికుంటాదా ఆ పొద్దు?"

చావిడి ఎంత విశాలంగా చూసినా ఎనభై మంది కన్నా పట్టరు. దర్గాలు, గుళ్లు చూసుకునేవాళ్లు జనం సంగతి కొంచెం పెంచి చెప్పడం మామూలే. కాగితం మీద 'ఎనభై' అని రాసుకున్నాను.

బయటికి వస్తుంటే వెనకనుంచి అంది. "మీది పీరు పేరే కదన్నా. ఒక్క ఏడన్నా వొస్తివా?"

నిజమే. మా అవ్వకు ఏదో మొక్కు ఉండి నాకీ పేరు పెట్టారు. ఏం మొక్కో నేనెప్పుడూ అడగలేదు, చెప్పడానికి ఆమె ఇప్పుడు లేదు. "నాకు డ్యూటీ" అన్నాను. ఏడేళ్లుగా చెబుతున్న జవాబే. ఎందుకో ఈసారి చెప్పడానికి సిగ్గేసింది.

రోజు 505

ఇవాళ మనసు బాగాలేదు. కారణం ఒక పాత పుస్తకం.

నాకు ముందు గుమాస్తాగా చేసిన ఓబులేసు రాసిపెట్టిన లెక్కలు బీరువాలో ఉన్నాయి. పీర్ల పండుగ పాత అంకెలు తీద్దామని తిరగేశాను. ప్రతి ఏడూ ఆ రోజు ఎదురుగా చిన్న అక్షరాలతో ఒకే ముక్క. 'ఇళ్ల మొత్తానికి, తల్లి గొట్టానికి తేడా. లీకు? వెతకాలి.' ఓబులేసు వెతికినట్టు లేడు.

నా పుస్తకాలు తీశాను. నా లెక్కల్లోనూ తేడా ఉంది. నేను ఇళ్లవరకే కూడి, ఇళ్ల అంకె పడిపోయింది కాబట్టి పండుగ పడిపోయిందని సంతృప్తిగా పుస్తకం మూసేస్తున్నాను. తల్లి గొట్టంలో వాడకం మాత్రం ఏ ఏడూ తగ్గలేదు. ఇళ్లు వాడలేదు, గొట్టం ఖాళీ అయింది. మరి ఆ గాలి ఎటు పోయింది? పైగా ఆ తేడా ఏటేటా పెరుగుతోంది.

ఈ ఊళ్లో 'లీకు' అన్న మాట ఎవరూ గట్టిగా అనరు. పిల్లలు ఆటలో అన్నా పెద్దవాళ్లు నోరు మూయిస్తారు. ఏడేళ్లుగా నా చేతిలో అంకెలున్నాయి, నేను చూడలేదు. భయమేసింది, దాంతోపాటు నా మీద నాకే కోపం కూడా వచ్చింది.

తిప్పేస్వామి సార్‌కి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఆ ఒక్క దినమేనా?"

"ఆ ఒక్క రోజే సార్. మర్నాడు సరిపోతుంది."

"అయితే ఆ పొద్దు బోర్డు కాడ కూర్చోవద్దు. బోర్డు దానంతట అదే రాసుకుంటాది. సబ్బునీళ్లు తీసుకో, గొట్టమెంబడి ఆ కొసనుంచి ఈ కొసకు నడువు. యాడ బుడగ లేస్తే ఆడ గుర్తు పెట్టు."

గొట్టానికి సబ్బునీళ్లు పూస్తే, గాలి కారేచోట బుడగ లేస్తుంది. ఎన్ని మిషన్లొచ్చినా దీన్ని మించిన ఉపాయం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ఏడేళ్లలో మొదటిసారి పీర్ల పండుగ నాడు నేను బోర్డు గది బయట ఉండబోతున్నాను.

రోజు 508

మాది మూడో సందు, పదిహేడో ఇల్లు. పక్కింట్లో సుంకులమ్మత్త. ఇవాళ జల్లెడ దులుపుతుంటే ఆమె సంచి నిండా దారాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతోంది. ఎర్రవి, పచ్చవి పేనిన దారాలు.

"ఏందత్తా ఇవి?"

"పండగ దారాలు నాయనా. ఆ పొద్దు తెల్లారితోనే ఇంట్లో గాలి మర మూసి దీన్ని కట్టేస్తాం. మరిసిపోయి ఎవురూ తిప్పకుండా."

"మర మూసేస్తే ఇంట్లో ఎట్లా ఉంటారు?"

"ఇంట్లో ఎవురుంటారు? సందులో కూసుంటాం. సందులో గాలి అందరిదీ కదా. మన ఇంటి వాటా పొదుపయితే అది చావిడికి పోతాది. ఆడ గుండం వెలగల్ల గదా. మంటకు గాలి వద్దా?"

జల్లెడ చేతిలోంచి జారింది. గుండమంటే నిజంగా కట్టెల మంట. నేను ఇన్నాళ్లూ ఎర్ర బల్బేదో పెట్టుకుంటారనుకున్నాను. ఈ ఊళ్లో కట్టెల మంట అంటే ఇరవై ఇళ్ల గాలిని ఒక గంటలో మింగేసేది. అందుకే ఇళ్లు తమ గాలి మానుకుని దానికిస్తున్నాయి. అయినా మా ఒక్క సందు గాలికే అంత తేడా రాదు, లీకు వెతకడం తప్పదు.

ఇళ్లు మూసుకుంటాయి కాబట్టి మీటరు కదలదు. మీటరు కదలకపోతే నా పట్టికలో ఆ ఇల్లు పండుగ చేసుకోనట్టే. మా సందులో వందిళ్లు. ఈ వందిళ్లూ మూసుకుంటే, పండుగను ఇష్టంగా చేసుకున్న ప్రతి ఇల్లూ ఆ పండుగకే ఎసరు పెడుతోందన్నమాట.

"నాకొకటి ఇవ్వత్తా," అన్నాను.

"నీకెందుకులే నాయనా, డ్యూటీలో ఉంటావు. నీ ఇంటికి ఎప్పుడూ కట్టం." ప్రేమగానే అని ముందుకెళ్లిపోయింది. ఆ ప్రేమే గుచ్చుకుంది.

సాయంత్రం షిఫ్టు కాగానే చావిడికి పోయాను. మాబున్నీ చింతపండు పెట్టి పీర్లు తోముతోంది. నేను చేసిన ప్రమాణం గుర్తుంది. అయినా చెప్పేశాను. లెక్క ఎలా కడతామో, ఎందుకు నాలుగొచ్చిందో, ఈసారి ఆఖరున ఉంటే ఏమవుతుందో అన్నీ చెప్పాను.

"ఈ ఒక్క ఏడాదికి వచ్చేవాళ్లందరినీ మరలు మూయొద్దని చెప్పమ్మా. ఇళ్లలోనే పొయ్యిలు వెలిగించి, పీర్ల పేరున చక్కెర చదివించి పంచుకోమను. నూటికి ముప్ఫయి రెండొస్తే చాలు, పండుగ నిలబడుతుంది."

ఆమె తోముతున్న చెయ్యి ఆపలేదు. "మూయకుంటే మంట యాడ్నించి వొస్తాదన్నా?"

"మంట ఈసారికి మానుకోండి."

అప్పుడు ఆపింది. "ఫక్కీరన్నా, మీరు మంచికే చెప్తాండారు, నాకు తెలుసు. అయితే ఈ పండగంటే ఏముందన్నా ఇంగ? ఎవురి గాలి వాళ్లు మానుకోని ఒక మంటకిస్తారు. అంతే ఉండేది. అది తీసేసి పట్టికలో పేరుంటే నాకేంటికి?"

"పేరు పోతే సెలవుండదు. సెలవు లేకపోతే అందరూ పనిలో ఉంటారు, మరలు మూసేవాళ్లుండరు, మంటా ఉండదు. ఈ చావిడిలో పంపులు పెడతారు. వీటిని ఎక్కడ పెట్టుకుంటావు?"

పీర్ల వైపు చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

"మా ఇంట్లో మంచం కింద పెట్టుకుంటా. జేజినాయన ఓడలో అట్లే తెచ్చినాడంట. ఈ ఏడు మాత్రం మంట వెలగల్ల. మీరు చెప్పిన మాట నా నోటెంబడి బయటికి రాదు, దాని గురించి దిగులు పడొద్దు."

ఇంటికొస్తూ లెక్క వేసుకున్నాను. ఎటు తిప్పినా ఒకటే. మంట ఉంటే అంకె ఉండదు, అంకె ఉంటే మంట ఉండదు. ఏడేళ్లుగా నేను గర్వంగా తయారుచేసిన పట్టిక ఇదీ.

రోజు 511

పండుగ రోజు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున సబ్బు చన్నీళ్లలో కరగలేదు. ఇంట్లో పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి, గంటసేపు కాచి, రెండు బకెట్లు చేసుకుని బయల్దేరాను. అప్పటికే మా సందులో ప్రతి గుమ్మం పక్కనా మర మూసి ఉంది. దారాలు కట్టి ఉన్నాయి. జనం చాపలేసుకుని సందులో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు, పిల్లల తలలు దువ్వుతున్నారు. నేను మా సందును సెలవు రోజున ఇలా చూడడం ఇదే మొదలు.

తల్లి గొట్టం ఒకటో సందు దగ్గర మొదలవుతుంది. అక్కడినుంచి బ్రష్షుతో పూసుకుంటూ నడిచాను. బుడగ లేదు. తలెత్తి చూస్తే ఎదుటి గుమ్మం పక్కన ఎర్ర పచ్చ దారం. దాని పక్క గుమ్మానికీ దారం. సందు కొసదాకా దారాలే.

"మీరూ కడతారా?" అని ఒకాయన్ను అడిగాను.

"ఈ సందోళ్లం కడతామప్పా. తక్కినోళ్ల సంగతి మాకు తెల్దు."

రెండో సందులోనూ దారాలే. నాలుగో సందులో పిల్లలు మంటలో వేయడానికి తలా ఒక కందికట్టె పట్టుకుని వరసగా నిలబడ్డారు. అయిదో సందులో ప్రతి ఆదివారం ప్రార్థన చేయించే ఫాదరుగారు గుమ్మంలో కూర్చుని చక్కెర పొట్లాలు కడుతున్నాడు. ఆయన ఇంటి మరకూ దారం ఉంది. ఆరో సందులో తిప్పేస్వామి సార్ ఇల్లు. ఆ మరకు కట్టిన దారం అందరికన్నా పెద్ద ముడి. ప్రతి సందులోనూ నేను అడిగిందొకటే, వాళ్లు చెప్పిందీ ఒకటే. మా సందోళ్లమే పోతామప్పా.

అప్పటికి నాకర్థమైంది. చావిడిలో ఎనభై మందే పడతారు. అందుకని సందుకు కొంతసేపు చొప్పున వంతులు. ఎనభై మంది చొప్పున ఒక సందు మొత్తం వెళ్లి వచ్చాకే ఇంకోటి పోతుంది. ఊరు ఊరంతా పోతుంది కానీ, ఊరంతటినీ ఒకచోట చూసినవాడు లేడు. చూసినది మాబున్నీ ఒక్కతే. ఆమె 'శానా మంది' అంటే నేను ఎనభై అని రాసుకున్నాను.

బకెట్లు పట్టుకుని చావిడికి పోయాను. తల్లి గొట్టం నుంచి చీలిన పాయ గుయ్యిమంటోంది. లోపల తప్పెట వినబడుతోంది. సబ్బునీళ్లు పూసే అవసరం లేదని తెలుసు, అయినా చెప్పిన పని కాబట్టి ఆ పాయకు చివరిదాకా పూశాను. బుడగ లేదు. ఇది లీకు కాదు. ఆరు సందులూ మానుకున్న గాలి మొత్తం ఇక్కడికి వస్తోంది.

లోపల రాతి గుంటలో మంట. నడుమెత్తు ఉంటుంది, అంతే. కట్టెల మంట చూసి పన్నెండేళ్లయింది. దాని వేడి ముఖానికి తగిలేసరికి మా అవ్వ పొయ్యి ముందు కూర్చునే భంగిమ గుర్తొచ్చింది. అప్పటిదాకా ఆ సంగతి నాలో ఉందని కూడా నాకు తెలియదు. పొగ పైన జల్లెడలోకి పోతోంది. ప్రతి ఏడూ పండుగ మర్నాడు తూర్పు జల్లెట్లో నల్ల పొడి పేరుకునేది. 'పంపు గ్రీజు' అని రాసుకునేవాణ్ణి. నా తెలివికి నాకే నవ్వొచ్చింది.

మాబున్నీ వాళ్లు ఇది దుఃఖపు రోజంటారు, గుండె మీద చెయ్యేసుకుని కన్నీళ్లు పెట్టుకుంటారు. మా సుంకులమ్మత్తలాంటి వాళ్లకు మొక్కు తీర్చుకునే రోజు. ఇద్దరూ ఆ మంట చుట్టూనే తిరిగి, ఆ చక్కెరే తింటున్నారు. ఎవరూ ఎవర్నీ ఎందుకని అడగడం లేదు.

మాబున్నీ నా నుదుట బూడిద పెట్టింది. "వొస్తిరే" అంది. అంతే అంది. బకెట్లు అక్కడే మర్చిపోయి వచ్చాను.

రోజు 512

బోర్డు తనంతట తాను రాసుకున్న లెక్క తీశాను.

ఆరు వందల పన్నెండు ఇళ్లలో, మామూలు రోజుకన్నా ఎక్కువ గాలి వాడిన ఇళ్లు: ఒకటి.

కిందటేడు ఇరవై నాలుగు ఉండేవి. ఆ మిగిలినవాళ్లు కూడా ఈ ఏడు దారం కట్టేశారన్నమాట. ఈ పుస్తకాల చరిత్రలో ఏ పండుగకూ ఇంత చిన్న అంకె రాలేదు.

ఆ ఒక్క ఇల్లు ఏదని చూశాను. తర్వాత దాన్ని ఆఫీసు పుస్తకంలో ఎక్కించాను. అంకె మార్చలేదు. మార్చాలన్న ఆలోచన వచ్చిన మాట నిజమే.

రోజు 515

సంఘం సమావేశం. అయిదుగురూ వచ్చారు. తిప్పేస్వామి సార్ మొదట లీకు గురించే అడిగాడు.

"లీకు లేదు సార్. ఆ తేడా అంతా పీర్ల చావిడి గుండం. ఇళ్లు మరలు మూసుకుని తమ వాటా దానికిచ్చాయి. చావిడికి పోయిన గాలీ, ఇళ్లు మానుకున్న గాలీ చుక్క తేడా లేకుండా సరిపోయాయి." రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. లీకు లేదన్న సంతోషం అలాంటిది. తర్వాత పట్టిక దగ్గరికొచ్చాం.

"పీర్ల పండుగకు ఎంత?"

"ఒక ఇల్లు."

"నూటికా?"

"మొత్తం మీద."

తిప్పేస్వామి సార్ పెన్ను తీశాడు. "ఇంగ మాట్లాడేకి ఏముంది? రూలు రూలే. ఇంటి మీటరు తప్ప వేరే లెక్క లేదని రాసిపెట్టుకుంటిమి."

"ఒక్క మాట సార్. మొన్న మీ ఇంటి మరకు దారం ఎవరు కట్టారు?"

ఆయన నా వైపు చూశాడు. "నేనే కట్టినా. మా సందోళ్లందరం కడతాం. దానికేం?"

మిగతా నలుగురినీ అడిగాను. ఒకరు ఒకటో సందు, ఒకరు రెండో సందు, ఇద్దరు నాలుగో సందు. నలుగురూ కట్టారు. నలుగురూ తమ సందువాళ్లే కడతారనుకున్నారు. ఇళ్ల కాగితం వాళ్ల ముందుకు జరిపాను. ఆరు సందులూ, పై నుంచి కింది దాకా ఒక్కచోట తప్ప అన్నీ సున్నాలు. ఎవరి ఇల్లు వాళ్లు వేలితో వెతుక్కున్నారు.

"అయినా ఇంకోటుంది ఫక్కీరప్పా," అన్నాడు సార్ నెమ్మదిగా. "మూసిన ఇండ్లనూ లెక్కలో పెడతామని తెలిస్తే జనం రేపు కావాలని మూస్తారు. ఎట్ల నమ్మేది?"

అప్పుడు చెప్పాల్సిన మాట చెప్పాను. "నేను ప్రమాణం తప్పాను సార్. మూడు రోజుల ముందే మాబున్నీకి లెక్క చెప్పేశాను. మరలు మూయొద్దు, మూస్తే మీ పండుగ పోతుందని చెప్పాను. ఆమె ఎవరికీ చెప్పలేదు. మూయనిచ్చింది. పండుగ పోయినా సరే మంట వెలగాలంది. ఇందులో మోసమెక్కడుందో మీరే చెప్పండి. నా ఉద్యోగం సంగతి తర్వాత చూడండి."

తిప్పేస్వామి సార్ పెన్ను మూత పెట్టాడు, తీశాడు. పీర్ల పండుగ ఆఖర్నుంచి లేస్తే ఆఖరున మిగిలేది ఏదో ఆయనకు తెలుసు. ఏటా ఆ రోజు కోసం ఆయన నెల ముందునుంచే అద్దం ముందు నిలబడి ఉపన్యాసం చదువుకుంటాడని ఊరంతా చెప్పుకుంటారు.

"స్థాపన దినం ముప్ఫయి ఒకటా?"

"ఈ ఏడు ఇరవై తొమ్మిది సార్."

ఆ పేరు మీద ఆయనే గీత కొట్టాడు. గీత వంకర పోయింది. "మైకులో గొంతు కూడా సరిగ్గా వినపడ్ల్యా ఈ తూరి," అన్నాడు, ఎవరితోనూ కాకుండా, తనలో తాను. నాకాయన మీద ఎప్పుడూ లేనంత గౌరవం కలిగింది.

నా ప్రమాణం మాట ఎవరూ ఎత్తలేదు. లేవబోతూ మాత్రం కాగితం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఊరంతా మూస్తే ఈ ఒక్క ఇల్లెవురిదప్పా?"

"మూడో సందు, పదిహేడు." కాగితం మీద ఆ గడి చూపించాను. "నాది సార్. సబ్బునీళ్లు కాచుకున్నాను."

నవ్వాడు. కోపంగా కాదు. "అంటే పట్టికలో పండగ చేసుకున్నోడివి నువ్వొక్కడివే. ఊర్లో చేసుకోనోడివీ నువ్వొక్కడివే."

రోజు 516

మాబున్నీకి చెప్పడానికి పోయాను. పీర్లు అప్పటికే గుడ్డల్లో చుట్టేసి ఉన్నాయి. విన్నాక ఆ ఆరింటినీ మంచం కింద పెట్టుకోవడానికి తెచ్చుకున్న పెట్టెలోంచి తీసి, గోడవార వాటి చోట్లలో నిలబెట్టింది. ఒక్కోటి నిలబెట్టి ఒక్కోసారి ముక్కు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. నా బకెట్లు కడిగి పెట్టి ఉన్నాయి.

తర్వాత సుంకులమ్మత్త ఇంటికి పోయి దారం అడిగాను.

"ఇప్పుడా? ఇంగా ఆరు వందల దినాలకు పైనే ఉండాది గదా నాయనా."

"ఉండనీ అత్తా."

సంచి అడుగున వెతికి ఒకటి ఇచ్చింది. దాన్ని ఈ పుస్తకంలో పెట్టుకున్నాను. వచ్చే ఏడు ఆ రోజు బోర్డు తనంతట తాను రాసుకుంటుంది. మూడో సందు, పదిహేడో ఇంటికి ఎదురుగా సున్నా పడుతుంది. ఆ సున్నా పడే వేళకు నేను చావిడిలో, మా సందు వంతులో, చేతిలో కందికట్టెతో నిలబడి ఉంటాను.